కాలేజీ గోడకి పూసిన నత్తగుల్లలు

నిన్న పొద్దున్న ల్యాబ్ తాళం తీస్తుంటే ఫోన్ వచ్చింది.

దయానందం సార్ పోయారట.

"ఏ దయానందం?" అన్నాను. తెలీక కాదు, నోటికి ఇంకేం రాలేదు. మొన్న ఆదివారం కూడా ఆయన నాకు ఫోన్ చేశారు. పిల్లలు వచ్చి ప్రాక్టికల్స్ ఉన్నాయా అని అడిగితే లేవని పంపేశాను.

పది దాటేసరికి వాట్సాప్ నిండిపోయింది.

మా రిటైర్డ్ ప్రిన్సిపాల్ గారి స్టేటస్: "శాస్త్ర శిఖరం ఒరిగింది." కింద నాలుగు ఏడుపు బొమ్మలు.

సిగ్గుండాలి.

అమలాపురం సెంటర్లో ఫ్లెక్స్ కూడా కట్టేశారు. అందులో సార్ ఫొటో కన్నా కట్టినవాళ్ళ ఫొటోలే పెద్దవి. అందరూ స్టాఫ్‌రూమ్‌లో ఆయన్ని గుల్లల మాస్టారు అని పిలిచి నవ్వినవాళ్ళే. పెళ్ళి భోజనాల్లో ఆయన పక్కన చేరి, అయితే మీ తాతగారు కోతేనాండీ మాస్టారూ అని అడిగి, తమ జోక్‌కి తామే పొట్ట పట్టుకున్నవాళ్ళు. ముప్పై ఏళ్ళూ అదే జోక్. కొత్తది ఆలోచించే ఓపిక కూడా లేదు ఒక్కడికీ.

ఇప్పుడు తగుదునమ్మా అని లెజెండ్ అంటున్నారు. ఆయన ఏం చేశారో ఒక్కణ్ణి చెప్పమనండి చూద్దాం.

నేను చెప్తాను.

గోదావరి పాయల మధ్య లంకలున్నాయి కదా. మాకు జువాలజీ చెప్పే సార్ ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఏరు దాటించే పంటు ఎక్కి ఒక్కో లంకకీ వెళ్ళి నత్తగుల్లలు ఏరేవారు. ఏ లంకవి ఆ లంక పేరు రాసిన డబ్బాలో. సైజు, మందం, గీతలు అన్నీ నోట్సులో. జీవపరిణామం అంటే పది మార్కుల ప్రశ్న అనుకునే మా ఊళ్ళో, దాన్ని మన ఏటి ఒడ్డున వెతికిన మొదటి మనిషి ఆయన.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు మా క్లాసు మొత్తాన్నీ పంటు మీద తీసుకెళ్ళారు. నా అరచేతిలో రెండు గుల్లలు పెట్టారు. ఒకటి పొట్టిగా, మందంగా ఉంది. రెండోది పల్చగా, పొడుగ్గా. ఒకే జాతి, రెండు లంకలు. వరద ఉరవడి తగిలే లంకలో పల్చటివి పగిలిపోయాయనీ, మందపాటివి మిగిలి పిల్లల్ని పెట్టాయనీ చెప్పారు. మావాడొకడు, ఇలా మారమని వాటికి ఎవరు చెప్పారండీ అని అడిగాడు.

"ఎవరూ చెప్పలేదు నాయనా. ఏదీ మారదామనుకుని మారలేదు. బతికినవాటి పిల్లలే మనకి కనపడుతున్నాయి," అన్నారు.

ఆ రోజు ఇంటికొచ్చి మా అమ్మ చెయ్యీ నా చెయ్యీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. పిచ్చెక్కిందా అంది అమ్మ. చదువంటే ఏంటో నాకు తెలిసింది ఆ ఒక్కరోజే.

ఇక అసలు సంగతి.

కాలేజీకి ఇన్‌స్పెక్షన్ టీమ్ వస్తోందని ఒకటే హడావిడి. అప్పటికి నేను అక్కడే టెంపరరీ ల్యాబ్ అసిస్టెంట్‌ని. సార్ పేపర్లు దిద్దడానికి కాకినాడ వెళ్ళారు. ప్రిన్సిపాల్ గారు ల్యాబ్‌లోకొచ్చి, సార్ బీరువాలు తెరిచి చూసి మొహం చిట్లించారు.

"గుల్లలేగా. సున్నం బట్టీకి వేసెయ్యి. కాంపౌండ్ గోడకి కలిసొస్తుంది," అన్నారు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, మా వైపు గుల్లలు కాల్చి సున్నం చేస్తారు. సార్ ఇరవై ఆరేళ్ళు ఏరినవన్నీ ఆరు గోనె సంచులయ్యాయి. గోడ తెల్లగా మెరిసింది. టీమ్ మెచ్చుకుంది. శాస్త్ర శిఖరం అని స్టేటస్ పెట్టిన ఈ పెద్దమనిషికి అప్పుడు శాలువా కప్పారు.

ఆ సంచులు రిక్షాలో వేసుకెళ్ళి బట్టీ దగ్గర దించింది ఎవరనుకున్నారు?

నేనే.

పోస్ట్ పర్మనెంట్ చేస్తామన్నారు. చేశారు కూడా.

సార్ తిరిగొచ్చి ఖాళీ బీరువాలు ఒక్కొక్కటీ తెరిచి చూశారు. తర్వాత, నువ్వు చూశావా అని నన్ను అడిగారు. ఆ రోజు నేను సెలవండీ అన్నాను. సర్లే నాయనా అని వెళ్ళిపోయారు.

మరుసటి ఆదివారం మళ్ళీ పంటు ఎక్కారు. మొదటి లంక నుంచి మళ్ళీ మొదలు. ఈసారి డబ్బాలు ఇంట్లోనే పెట్టుకున్నారు. రిటైరయ్యాక కూడా ఆపలేదు. మోకాళ్ళు పట్టేశాక నాకు ఫోన్లు మొదలుపెట్టారు, ఇంకా రెండు లంకలున్నాయి, ఒక్క ఆదివారం తోడు రమ్మని. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. పెళ్ళనేవాణ్ణి, జ్వరమనేవాణ్ణి. మొన్న ఆదివారం బండి పంక్చరన్నాను. బండి వాకిట్లో బాగానే ఉంది.

నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారు పూలదండ పట్టుకుని ఫొటో దిగుతున్నారు. సరిగ్గా రాలేదని రెండోసారి కూడా తీయించుకున్నారు. ఒళ్ళు మండిపోయింది.

సార్ భార్య, మేమంతా అమ్మగారు అంటాం, నన్ను లోపలికి పిలిచి డబ్బాలు చూపించారు. గోడ పొడుగునా ఉన్నాయి. చివరి రెండిటి మీద లంకల పేర్లు రాసున్నాయి, లోపల ఏమీ లేవు.

ఇక ఆగలేకపోయాను. ఆ సంచులు మోసింది నేనేనండీ అని చెప్పేశాను.

ఆవిడ నా వైపు చూడలేదు. డబ్బాకి మూత పెడుతూ అన్నారు.

"ఆయనకి తెలుసు బాబూ. కాకినాడ నించి వచ్చిన మర్నాడే బట్టీకి వెళ్ళేరు. నువ్వే దింపేవని బట్టీ అతను చెప్పేడంట. పంటు మీద ఇద్దరే ఉంటే నీ అంతట నువ్వే చెప్తావని, అందుకే పిలిచేవారు."

స్టేటస్‌లు పెట్టేవాళ్ళూ, మీరు ఆయన్ని చూసి నవ్వారు, అంతే. మీకన్నా నీచుణ్ణి నేను.

వచ్చే ఆదివారం ఆ రెండు లంకలకీ వెళ్తానని ఇక్కడ గొప్పగా రాయను. వెళ్తే ఇప్పుడు ఎవరికి తోడు?

వెళ్ళిరండి సార్. దేవుడి దగ్గర మీరు ప్రశాంతంగా ఉండండి. మాకు మాత్రం ఆ శాంతి ఇప్పట్లో దొరక్కూడదు.