చూడని చోటికి అడ్డం కట్టెలు

మా బాపు బొగ్గుగనిలో సర్దార్. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందుగా లోపలికి వెళ్లి, కర్రతో పైకప్పును కొట్టి చప్పుడు విని, దీపంతో గ్యాసు చూసి, అంతా బాగుంటే అక్కడి గోడ మీద సుద్దముక్కతో తేదీ వేసి సంతకం పెట్టేవాడు. ఆ సంతకం ఉన్న చోటికే మనుషులు వెళ్లాలి. చూడటానికి వీలుపడని చోటు ముందు మాత్రం రెండు కట్టెలు ఇంటూ గుర్తులా అడ్డం కట్టి వచ్చేవాడు. చూసినవాళ్లు వచ్చి విప్పేదాకా వాటిని ఎవరూ దాటకూడదు, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే.

ఆ సుద్దముక్క ఆయన జేబులో ఇంటికీ వచ్చేది. కొత్త గ్యాస్ బండ బిగిస్తే సబ్బు నురుగు పూసి చూసి, దాని మీద తేదీ, సంతకం. ఫ్యాను ఊగుతోందంటే స్టూలెక్కి బిగించి, గోడ మీద తేదీ, సంతకం. "నా మీద గూడ ఒక సంతకం వెట్టు, పనైపోతది" అని అమ్మ ఆటపట్టించేది. తొంభైల చివర్లో గోదావరిఖనిలోని మా క్వార్టరుకి కంప్యూటర్ వచ్చాక ఆ సుద్దముక్క నా ప్రాణం తోడేసింది.

నేను అప్పుడు కంప్యూటర్ కోర్సు చివర్లో ఉన్నాను. నా ప్రాజెక్టంతా ఇంట్లో మిషన్‌లోనే ఉంది. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ రెక్కలతో పాటు మానిటర్ కూడా వణికేది, దానితో పాటు నేనూ. అలాంటి రోజుల్లో చౌరస్తాలోని మా కోచింగ్ సెంటర్లో ఒక కంప్యూటర్‌కి వైరస్ పట్టి, అందులో ఉన్నదంతా పోయింది. ఆ కంప్యూటర్‌లో పెట్టిన ఫ్లాపీలే నేనూ ఇంటికి తెచ్చుకున్నాను. అది తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. సెంటర్ సార్ ఇచ్చిన యాంటీవైరస్ ఎక్కించి, స్కాన్ పెట్టాను.

వైరస్ ఏదీ దొరకలేదని వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే దాని కింద ఇంకో వరుస: కొన్ని ఫైళ్లను చూడలేకపోయాం.

బాపు డ్యూటీ దిగి, స్నానం చేసి, చాయ్ గ్లాసుతో నా వెనక కూర్చున్నాడు. మధ్యమధ్య దగ్గుతున్నాడు. ఆ దగ్గు చాలా రోజులుగా ఉంది. దవాఖానలో ఛాతీకి ఎక్స్‌రే ఫిలిం తీస్తే అది సరిగ్గా పడలేదట, మళ్లీ రమ్మన్నారట. ఆయన మళ్లీ వెళ్లలేదు. అడిగితే కసురుకునేవాడు.

"గా కింద ఏమో రాసింది, ఏంది బిడ్డా?" అన్నాడు.

"కొన్ని ఫైళ్లు చూడరాలేదట బాపూ. వైరసైతే లేదన్నది."

"చూడకుంటనే లేదని ఎట్ల జెప్తది?"

నాకు చర్రున కోపం వచ్చింది, ఎందుకంటే నా భయమూ అదే. ఆయన ఇంకో మాట లేకుండా మిషన్ ఆపించి, గుడ్డ కప్పి, దాని మీద రెండు చీపురుపుల్లలు ఇంటూలా పెట్టాడు. "చూసినంకనే ముట్టుకో" అన్నాడు. ప్రాజెక్టు ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది, ఈయనేమో చీపురుపుల్లలు పెడుతున్నాడు! సైకిలెక్కి సెంటర్‌కి పోయాను.

సార్ ఓపికగా చెప్పాడు. తాళం వేసిన ఫైలు, అంటే పాస్‌వర్డ్ పెట్టింది, యాంటీవైరస్ తెరవలేదు, దాని దగ్గర తాళంచెవి లేదు కదా. విండోస్ తానే వాడుకుంటున్న ఫైళ్లను ఇంకెవరి చేతికీ ఇవ్వదు. కొన్ని జిప్ చేసి మూటలో మూటగా కుక్కినవి, కొన్ని చెడిపోయినవి. "చూడలేదంటే వైరస్ ఉన్నట్టు కాదమ్మా. లేనట్టు కూడా కాదు. ఒక్కోదాన్ని ఎందుకు చూడలేదో తెలుసుకోవాలి" అన్నాడు. సగం ధైర్యం వచ్చింది, సగం రాలేదు.

ఇంటికొచ్చి, బాపును పక్కన కూర్చోబెట్టుకునే మొదలుపెట్టాను. తాళం వేసినవి నావే, సెంటర్లో ఎవరూ కాపీ కొట్టకుండా నేనే పెట్టుకున్నవి. తాళం తీసి మళ్లీ స్కాన్ పెట్టాను, బాగానే ఉన్నాయి. విండోస్ పట్టుకున్నవాటి కోసం, సార్ ఇచ్చిన శుభ్రమైన ఫ్లాపీతో మిషన్ లేపి, విండోస్ నిద్ర లేవకముందే వెతికించాను. అవీ బాగున్నాయి. చివరికి ఒక్క మూట మిగిలింది. ఏ ఫ్లాపీలోంచి వచ్చిందో, ఎవరిదో తెలియదు, ఎంత చేసినా విప్పుకోలేదు.

"అందుల ఏమున్నదో ఎరుకనా?"

"లేదు బాపూ."

"మరి ఎందుకు ఉంచుకునుడు?"

తుడిచేశాను. అప్పుడు పుల్లలు తీసి, కంప్యూటర్ పెట్టె మీద సుద్దతో తేదీ వేశాడు. నేను నవ్వుతున్నాను. సంతకం సగంలో దగ్గు తెర వచ్చింది. ఎంతకీ ఆగలేదు. సుద్ద జారి కింద పడింది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

"బాపూ, నీ ఫిలిం సంగతేంది?"

"సరిగ్గ పడలేదన్నరు గద. ఏమన్న ఉంటే చెప్పకపోదురా?"

"చూడకుంటనే లేదని ఎట్ల జెప్తరు?"

ఆయన ముఖం మాడిపోయింది. "మిషినీ మనిషీ ఒకటేనా?" అని విసురుగా బయటికి వెళ్లాడు. ఆయన భయం నాకు తెలుసు. దవాఖానకు వెళ్లి అన్‌ఫిట్ అనిపించుకుని తిరిగొచ్చినవాళ్లను మా క్వార్టర్ల లైన్లోనే చూశాం, గని దిగడం మానేశాక అరుగుల మీద ఊరికే కూర్చునేవాళ్లు. నా భయం అంతకంటే పెద్దది. ఆయన అరుగు మీదైనా కూర్చుని ఉండాలి. వంటింట్లోంచి అమ్మ అంతా వింటూనే ఉంది.

తెల్లవారి మొదటి షిఫ్టుకు బాపు బూట్లు వేసుకుని తలుపు దగ్గరికి వచ్చాడు. గుమ్మానికి అడ్డంగా, బట్టలారేసే వెదురు కట్టెలు రెండు, పాత చీర పేలికతో ఇంటూలా కట్టి ఉన్నాయి. పక్కనే అమ్మ ఉత్త చేతులతో నిలబడింది. టిఫిన్ డబ్బా కట్టలేదు.

"గిదేందే?"

"చూడని చోటు" అంది అమ్మ.

"తియ్యి, డ్యూటీకి యాళ్లయితుంది."

"నేనెందుకు తీస్త? చూసినోళ్లే తియ్యాలె అంటవు గద."

కట్టెలు మోకాలెత్తున్నాయి, అంతే. కాలెత్తితే అవతల పడతాడు. అంతలో షిఫ్టు సైరన్ మోగింది. బాపు ఆ కట్టెల వైపే చూస్తూ నిలబడ్డాడు. జీవితమంతా ఇలాంటి కట్టెలు కట్టాడు, ఒక్కసారీ దాటలేదు. సైరన్ ఆగిపోయాక నేల మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. "జల్ది చీర మార్చుకో" అన్నాడు అమ్మతో. ముగ్గురం వెనక తలుపు నుంచి దవాఖానకు వెళ్లాం.

డాక్టరు కొత్త ఫిలింను వెలుగుకు ఎత్తి పట్టాడు. 

"కనవడుతుందా సార్?" అన్నాడు బాపు.

"ఈసారి సాఫ్ కనబడుతుంది. ఇక్కడ మచ్చ ఉంది. మంచిదైంది, ముదరకముందే వచ్చారు. మందులు వాడితే తగ్గుతుంది."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బాపు మాత్రం "ఏడ సార్, జర సూపెట్టుండ్రి" అని ముందుకు వంగి, డాక్టరు వేలు పెట్టిన చోటే తన వేలూ పెట్టాడు. 

మందులు వాడినన్నాళ్లు అమ్మ ఆ కట్టెలు విప్పనివ్వలేదు. ఎవరొచ్చినా వెనక తలుపే. లైన్లోవాళ్లు నవ్వితే నవ్వారు. మచ్చ పోయిందని డాక్టరు చెప్పిన రోజు బాపు వెనక నుంచి ఇంట్లోకి వచ్చి, పేలిక ముడి తానే విప్పి, కట్టెలు పక్కకు పెట్టాడు. జేబులోంచి సుద్దముక్క తీసి కాసేపు అటూ ఇటూ చూసి, దాన్ని అమ్మ చేతిలో పెట్టాడు.

అమ్మకు సంతకం రాదు. సుద్దను బొటనవేలికి బాగా రుద్దుకుని, ఆయన చొక్కా మీద, ఛాతీ దగ్గర, గట్టిగా ఒత్తి వేలిముద్ర వేసింది.