శవం లేని ఇంట్లో శోకం

మా ఆయన గడ్డపోతారంలో మందుల కంపెనీలో పనిచేస్తూ చచ్చిపోయాడు. పెళ్లయిన నాటి నుంచి తాగి వచ్చి నన్ను తన్నినవాడే. శవాన్ని వాకిట్లో దించగానే మీద పడి శోకం పెట్టాను. శోకంలో ఆడది ఏమన్నా ఎవరూ తప్పు పట్టరు. బతికుండగా అనలేనిదంతా ఆ పూటే అనేశాను. "గొళ్లెం పెట్టిన, ఇగ రాకు. నీ బుక్క కుక్కకు ఏసిన, ఇగ రాకు" అని. జనం ఏడ్చారు. ప్రేమ అనుకున్నారు.

మా మేడ మీద కిరాయికి ఉండే కోస్తా వాళ్ల కొడుకు గిటారు పట్టుకుని బ్యాండులో అరుస్తుంటాడు. ఏడాది తిరిగేసరికి ఆ గొళ్లెం వాడి పాటలోకి ఎక్కింది. షేరింగ్ ఆటోల్లో కూడా అదే మోత. తనను వదిలేసిన పిల్ల మీద రాశానని చెప్పుకున్నాడు. బస్తీ వాళ్లు అది నా శోకమే అన్నారు. మా ఆడబిడ్డేమో, "మా అన్న మీద ఏడ్సింది నేను" అని బయలుదేరింది.

ఈ తగవు తేల్చడానికి ఒక చానెల్ వాళ్లు కెమెరా తెచ్చి మమ్మల్ని ముగ్గురినీ మా వరండాలో కూర్చోబెట్టారు. ఆ గిటారు కుర్రాడి తల్లి కూడా టీ గ్లాసుతో వచ్చి కూర్చుంది. వారం వారం ఆసుపత్రికి తిరిగే మనిషి.

"ఆ మాటలు మీవే అయితే ఒక్కసారి ఏడ్చి చూపించండి ఆంటీ," అన్నాడు వాడు నవ్వుతూ.

"శవం లేని ఇంట్ల శోకం పెడితే ఇంకో పీనుగ లేస్తది బిడ్డా. నేను పెట్ట."

"రాదని చెప్పరాదా వదినె, గీ సాకులెందుకు?" అని ఆడబిడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని శోకం ఎత్తుకుంది. అచ్చం పాట వరసే. గిటారు మోగే చోట ఆగింది కూడా. కుక్క మాట మాత్రం రాలేదు. పాటలో వాడు ఆ మాట తీసేశాడు మరి, దానికెట్లా తెలుస్తుంది?

కెమెరా పిల్ల కళ్లు తుడుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. అన్నేళ్ల దెబ్బలకు నాకు మిగిలినవి ఆ నాలుగు మాటలే. అవీ పోయాయి.

వాడి తల్లి ముఖంలోకి చూస్తూ లేచాను.

"పరేషాన్ గాకు బిడ్డా. మీ అమ్మ పోయినంక వాకిట్ల పండబెట్టు. నేనొచ్చి మొత్తం పెడత, కుక్కతోని సహా. అప్పుడు సూస్కో, అవి ఎవల మాటలో."

ఆమె టీ గ్లాసు అక్కడే వదిలేసి, కొడుకు చెయ్యి పట్టుకుని మేడెక్కింది. నాకు జాలి కలగలేదు.

ఆ నెలలోనే వాళ్లు కొల్లూరు వైపు ఇల్లు మారారు. ఎక్కడికో నాకు చెప్పలేదు. నేనే కనుక్కుని పెట్టుకున్నాను.