ముందే ఇచ్చిన తలనీలాలు

గోలు కాసేవాడికి జుట్టుతో పనేముంది అని మా మేనేజరు జట్టు మొత్తం ముందు నన్ను అడిగాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు నాకు అరవై దాటాయి, ఆ జుట్టు ఎలాగూ రాలిపోయింది, అయినా ఆ మాట గుర్తొస్తే పళ్ళు పటపటలాడతాయి. కాస్త శాంతంగా రాయి నాయనా అని నా కూతురు అంటుంది. అలా రాయడం నాకు చేతకాదు.

తొంభైల్లో రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీకి హాకీ జట్టు ఉండేది. నేను దానికి గోల్‌కీపర్ని. అంతకుముందు రైల్వేవాళ్ళ మైదానంలో కూలికి నీళ్ళు చల్లేవాణ్ణి, సున్నంతో గీతలు గీసేవాణ్ణి. గొడ్లు కాసి పెరిగినవాణ్ణి, బడి మొహం చూడలేదు. ఒకరోజు వాళ్ళ కీపరు రాలేదు. రాయిలాంటి ఆ తెల్లబంతికి ఎదురు నిలబడడానికి ఎవరూ ఒప్పుకోలేదు. "రేయ్, సున్నం బకెట్టు కింద పెట్టి ఈడికి రా. అడ్డం పడితే చాలు," అన్నారు. అడ్డం పడ్డాను. మరుసటి రోజు కూడా రమ్మన్నారు. కొన్నాళ్ళకు ఫ్యాక్టరీవాళ్ళు చూసి పిలుచుకుపోయారు. పొద్దున బస్తాలు మోయాలి, సాయంత్రం గోలు కాయాలి, ఊళ్ళు తిరిగి టోర్నమెంట్లు ఆడాలి.

ఇంట్లో చెబితే మా నాయన నమ్మలేదు.

"నిలబడేదానికి జీతమిస్తారా?"

"ఇస్తారు నాయనా."

"అట్లయితే మన చేన్లో దిష్టిబొమ్మను గూడా పిల్చకపో. అది నీకంటే బాగా నిలబడతాది."

ఆయనకేం తెలుసు! ఏటా నా కాలి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయేది. పక్కటెముకల మీద బంతి ముద్రలు పడేవి. ఎర్ర గులకరాళ్ళ నేల మీద పడి లేచి మోచేతులకు చర్మం నిలిచేది కాదు. అంత చేసినా నేను కాంట్రాక్టు మనిషినే. జట్టులో సగం మంది అంతే. కంపెనీల మధ్య జరిగే పెద్ద కప్పు గెలిస్తే మా అందరినీ పర్మినెంటు చేయిస్తానని మేనేజరు మాటిచ్చాడు. పర్మినెంటంటే పిల్లలకు జబ్బు చేస్తే ఆస్పత్రి, ఉండడానికి క్వార్టరు, వయసు మళ్ళాక పింఛను. నాకు పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. నేను బంతులకు అడ్డం పడింది దాని కోసమే.

వేలిముద్ర వేసేవాణ్ణి పర్మినెంటు చెయ్యరని ఆఫీసులో ఎవరో చెప్పారు. దాంతో ముప్పై దాటాక, ప్రాక్టీసు అయిపోయాక, పెద్దవాళ్ళ చదువుల క్లాసులో కూర్చున్నాను. బంతి తగిలి వాచిన వేళ్ళతో అ ఆలు దిద్దాను. చదువు మీద ప్రేమతో కాదు, ఉద్యోగం కోసం.

ఇక ఆ హెల్మెట్ సంగతి చెప్పాలి. జట్టుకు ఉన్నది ఒక్కటే. నాకు ముందున్న కీపరు కోసం కొన్నది, అతనిది గుమ్మడికాయంత తల. లోపలి స్పాంజి ఎప్పుడో చిరిగి ఊడిపోయింది. గడ్డం కింది పట్టీ తెగితే బూటు లేసు కట్టుకునేవాణ్ణి. అది నా తల మీద కదలకుండా నిలిచిందంటే నా జుట్టు పుణ్యమే. నాది రింగులు తిరిగిన ఒత్తు జుట్టు, దువ్వెన దిగితే పైకి వచ్చేది కాదు. కొత్త హెల్మెట్ కొనమని మేనేజర్ని ఎన్నోసార్లు అడిగాను. "ఫార్వర్డులకు కొత్త స్టిక్కులు తెప్పించాం కదయ్యా, ఈ ఏటికి దాంతో సర్దుకో," అనేవాడు. గోలు కొట్టేవాడికి కొత్తవి, గోలు ఆపేవాడికి చిరిగినవి. అది వాళ్ళ లెక్క.

ఆ ఏడు సెమీఫైనల్ గెలిచాం. ఫైనల్ తిరుపతిలో. మేనేజరు సంతోషం పట్టలేక మా అందరినీ వరసగా నిలబెట్టి, "రేపు కొండకు పోతున్నాం. జట్టు మొత్తం తలనీలాలు ఇస్తుంది. ఎల్లుండి కప్పు మనదే," అన్నాడు.

మా సీమలో పుట్టినవాడికి ఎవరికైనా తెలుసు, మొక్కుకోవడం వేరు, మొక్కు తీర్చడం వేరు. బిడ్డకు జ్వరం తగ్గితే గుండు ఇస్తామని మొక్కుకుంటాం, తగ్గాక కొండెక్కుతాం. ఈయన ముందే ఇచ్చేసి స్వామిని మొహమాటపెట్టాలనుకున్నాడు.

నేను ఒక అడుగు ముందుకొచ్చాను.

"సార్, గెలిచినాక ఇస్తా సార్. మీసం గూడా ఇస్తా. ఇప్పుడు గుండు కొట్టించుకుంటే హెల్మెట్ నిలబడదు."

"దేవుడితో బేరమాడతావా?"

"బేరం కాదు సార్. లూజయిపోతాది. జారతాది."

"గోలు కాసేవాడికి జుట్టుతో పనేముందయ్యా? కాళ్ళూ చేతులూ ఉంటే చాలదా? సినిమా హీరోవా నువ్వు?"

అందరూ నవ్వింది అప్పుడే. నా పక్కన మా ఫుల్‌బ్యాక్ ఉన్నాడు. గోలుకు ముందు కాపు కాసే ఆటగాడు, జట్టులో నాకు దగ్గరి స్నేహితుడు, నాలాగే కాంట్రాక్టు. నా మోచెయ్యి పట్టి లాగాడు.

"గమ్మునుండప్పా. దేవుడి పనికి వద్దంటే రేపు ఓడిపోయినప్పుడు నీ మీదికే వస్తాది."

"ఓడినా గెలిసినా ఆ హాకీ బాలు వచ్చేది నా మీదికే కదప్పా," అన్నాను.

కొండ మీద నాకు గుండు చేసిన మంగలాయన తల తడుపుతూ, "మంచి జుట్టప్పా. ఏం మొక్కు తీరింది?" అని అడిగాడు.

"ఇంకా తీరలేదు. రేపు ఆటలో గెలవాల."

కత్తి ఆపి నా మొహంలోకి చూశాడు. "రేపు గెలిసేదానికి ఈ పొద్దే ఎందుకొచ్చినావు?"

"అదిగో, ఆడ నిలబడుకోనుండాడే, ఆయన్నడుగు," అన్నాను.

మేనేజరు నిలబడిన చోట ఏం జరుగుతోందో అప్పుడు చూశాను. ఆయన మూడు కత్తెర్లు ఇస్తున్నాడు. ఆడవాళ్ళు ఇస్తారే, మూడు చోట్ల చివర్లు కత్తిరించి ఇవ్వడం, అది. బావమరిది పెళ్ళి ఉందట, ఫొటోల్లో గుండు బాగుండదట. మా పదకొండు తలలూ నున్నగా మెరుస్తుంటే ఆయన క్రాపు సరిచేసుకుంటూ బస్సెక్కాడు.

ఫైనల్ రోజు ఎండ మాడ్చేస్తోంది. మేం మైదానంలోకి దిగగానే జనం మొదలుపెట్టారు.

"కొండ మీది నించి నేరుగా వచ్చినారు రా! లడ్లు యాడబ్బా?"

"రేయ్, ఇంట్లో పెద్దాయన పోయినాడా ఏంది, అందరికీ గుండ్లు?"

నేను తలకు తువ్వాలు గట్టిగా చుట్టుకుని, దాని మీద హెల్మెట్ పెట్టుకున్నాను. నిలిచింది. బాగానే నిలిచింది. అంతలో మేనేజరు చందనం గిన్నెతో వచ్చాడు. ఒక్కొక్కరి గుండుకూ తన చేత్తోనే పూస్తున్నాడు. నా దగ్గరికి వచ్చి తువ్వాలు తీసేయమన్నాడు.

"వద్దు సార్, దీనితోనే నిలబడతా ఉండాది."

"ప్రసాదం చందనమయ్యా. దాన్ని తువ్వాలుతో తుడిచేస్తావా? శుభమా అని ఆటకు పోతూ అపశకునం చెయ్యకు."

తనే తువ్వాలు లాగేసి, చందనం దట్టంగా మెత్తి, హెల్మెట్ నా చేతికిచ్చాడు. లేసు ఎంత బిగించి కట్టినా లోపల నా గుండు కుండలో గరిటెలా తిరిగింది. చెమట పట్టేకొద్దీ చందనం కరిగి కళ్ళలోకి దిగింది. ఎడమ చేత్తో హెల్మెట్ పైకి నెట్టుకుంటూ, కుడి చేత్తో స్టిక్కు పట్టుకుని, ఆట సాగినంతసేపూ ఆపాను. మధ్యలో తువ్వాలు ఇమ్మని రెండుసార్లు సైగ చేశాను. మేనేజరు చూసి తల అడ్డంగా ఊపాడు.

రెండు జట్లూ చెరొక గోలు కొట్టాయి. చివర్లో వాళ్ళకు షార్ట్ కార్నర్ దొరికింది. గోలు గీత మీది నుంచి ఒకడు బంతిని బయటికి నెడతాడు, ఇంకొకడు ఆపుతాడు, మూడోవాడు ఒంట్లో బలమంతా పెట్టి కొడతాడు. మేం గోల్లోంచి పరిగెత్తి ఎదురుపోవాలి. పరిగెత్తాను. కొట్టేవాడి భుజం ఎటు తిరిగిందో చూసి ఎడమవైపు వంగాను. వంగగానే హెల్మెట్ మూతిదాకా దిగిపోయింది. చీకటి. వెనక పలకకు బంతి తగిలిన చప్పుడు విన్నాను. మా ఫుల్‌బ్యాక్ వచ్చి, తన చేత్తో ఆ హెల్మెట్‌ను నా కళ్ళ మీది నుంచి పైకి లాగాడు. "ఏమైందప్పా?" అన్నాడు. ఏమైందో అతని చేతిలోనే ఉంది.

ఓడిపోయాం. మేనేజరు గీత దగ్గరే నిలబడి, "నిద్రపోయావా?" అని అరిచాడు. హెల్మెట్ అనబోయాను. సాకులు చెప్పొద్దన్నాడు.

మర్నాడు పొద్దున టీ అంగట్లో పేపరు చేతికొచ్చింది. ఆటల పేజీలో మా సంగతి రెండు వేళ్ళంత వేశారు. కూడబలుక్కుని చదివాను. 'గోల్‌కీపర్' అన్నది తెలిసింది. దాని పక్క మాట దగ్గర ఆగిపోయాను. క్ష కింద ఇంకో వత్తు. మా క్లాసు ఇంకా అక్కడిదాకా రాలేదు.

"ఇదేం మాటప్పా?" అని టీ అంగడాయన్ని అడిగాను.

ఆయన పాలు తిరగబోస్తూనే తొంగి చూశాడు. "నిర్లచ్చెం. గోల్‌కీపర్ నిర్లచ్చెంతో ఓడిపోయినారంట. నువ్వే కదా?" నా గుండు చూసి నాలిక కరుచుకున్నాడు.

కింద చివర్లో 'మేనేజర్ తెలిపారు' అన్నది ఎవరి సాయం లేకుండా చదువుకున్నాను. ఆ వత్తులమాటను పలక మీద మళ్ళీ మళ్ళీ దిద్దాను. ఇప్పుడు తప్పు లేకుండా రాస్తాను. నిర్లక్ష్యం. ఎవరిదో అడగండి, అదీ రాస్తాను.

ఆ రోజే హెల్మెట్ తీసుకుని మేనేజరు గదికి పోయాను. బల్ల మీద పెట్టి, "ఒకతూరి పెట్టుకోండి సార్," అన్నాను.

"నేనెందుకు పెట్టుకోవాలి?"

"మీకైతే నిలబడతాది. మీకు జుట్టుండాది."

ఆయన మొహం ఎర్రబడింది. జట్టును పిలిపించాడు. పది గుండ్లు వచ్చి గోడవార నిలబడ్డాయి. "ఇతని హెల్మెట్ జారిందట. మీలో ఎవరైనా చూశారా?" అని అడిగాడు. ఒక్కడూ నోరు విప్పలేదు. నేను ఫుల్‌బ్యాక్ వైపు చూశాను. అతను నా వైపు చూడకుండా చెప్పాడు.

"నేను బాలునే సూస్తా ఉండినా సార్."

తన చేత్తో పైకి లాగినవాడు! అతనికీ పెళ్ళాం బిడ్డలు ఉన్నారని, అతనూ కాంట్రాక్టేనని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన మింగుడు పడుతుందా? రేపటి నుంచి రావద్దని మేనేజరు నాకు చెప్పాడు. కప్పు రాకపోయినా కొన్ని నెలలకు జట్టులోని మిగతా కాంట్రాక్టువాళ్ళను పర్మినెంటు చేశారు. ఫుల్‌బ్యాక్‌ను కూడా.

ఇంటికొచ్చి చెబితే నా భార్య ఏడవలేదు. "బాలుకు అడ్డం పడితే దెబ్బలు తగిలె. పెద్దోళ్ళకు అడ్డం పడితే పని పాయె. ఇంగ దేనికీ అడ్డం పడొద్దు, పక్కకు జరుగు," అంది. ఆ పూట మాత్రం ఆమె మీద కూడా కోపం వచ్చింది.

గూడూరు పోయి నిమ్మకాయల మండీలో మోతపనికి చేరాను. పగిలిన వేళ్ళలో నిమ్మరసం దిగి భగ్గున మండేది. సాయంత్రాలు అక్కడి కుర్రకారు జట్టుకు గోలు కాశాను. సొంత హెల్మెట్ కొనుక్కున్నాను, నా తలకు కొలత పెట్టి చూసి. తర్వాత చుట్టుపక్కల ఏ జట్టు పిలిస్తే దానికి ఆడాను, మోకాలు పనికిరాకుండా పోయేదాకా.

గూడూరు వచ్చిన ఏడాదికి ఫుల్‌బ్యాక్ నన్ను వెతుక్కుంటూ మండీకి వచ్చాడు. నిమ్మకాయల గుట్ట పక్కనే బస్తా మీద కూర్చున్నాడు.

"కీపరు లేడప్పా. ఉన్నోడు చెయ్యి ఇరగ్గొట్టుకున్నాడు. సారే పంపినాడు. ఈ కప్పుకు వచ్చి ఆడు."

"ఉద్యోగం?"

"గెలిచినాక సూస్తామన్నాడు."

"నా జుట్టు ముందే ఇప్పించుకున్నాడే. ఈతూరి ఆయన్ని ముందు ఇమ్మను. పర్మినెంటు చేసి పిలవమను, ఆ పొద్దే వస్తా."

"అట్లెట్ల కుదురుతాదప్పా? ఆఫీసులో అట్లాంటివి కుదరవు."

"కుదరదంటే నువ్వెందుకొచ్చినావు ఇంత దూరం?"

కాసేపు కాయలు చేత్తో అటూ ఇటూ దొర్లించాడు. "ఆ పొద్దు నేను..." అని మొదలుపెట్టాడు.

"నాతో ఎందుకు చెప్తావు? ఆడ పోయి చెప్పు, ఆయన గదిలో. పది మంది ముందర."

లేచి పోయాడు. అక్కడ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు కబురు వచ్చేది.

మదనపల్లె నుంచి ఒక కీపర్ని తెచ్చుకున్నారు. కొత్త హెల్మెట్ కొనిచ్చారట. ఆ ఏడు కప్పు గెలిచారు. గెలిచాక కొండెక్కారు, గెలిచాకే గుండ్లు కొట్టించుకున్నారు. మేనేజరు కూడా ఆసారి మొత్తం ఇచ్చాడట. మదనపల్లె మనిషిని పర్మినెంటు చేశారు. అతని మీద నాకు ఈర్ష్య లేదు, బంతులు ఆపాడు, ఇవ్వాల్సిందే. నేనూ ఆపాను. ఊడిన గోళ్ళతో, చిరిగిన హెల్మెట్‌తో అన్నేళ్ళు ఆపాను. నాకూ ఇవ్వాల్సిందే.