చెర గురించి చెప్పిన శుక్రవారం

దోహాలో సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధన కూడా ఆ రోజే. తొంభైల మొదట్లో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మూడు తెలుగు కుటుంబాలం ఒక విల్లా పంచుకునేవాళ్ళం. దాని హాల్లోనే చాపలు పరిచి కూర్చునేవాళ్ళం. ఒకసారి బైబిలు వాక్యం చెప్పే వంతు నాకొచ్చింది. యెరూషలేము కూలి, ఇశ్రాయేలీయులు బబులోనుకు చెరపోయిన భాగం.

చదువుతుంటే ఒక సంగతి వింతగా తోచింది. ఆ కాలంలో గెలిచినవాడి దేవుడే గొప్పవాడని లోకం అనుకునేది. వీళ్ళ మందిరం కాలిపోయినా, తమ దేవుడు ఓడిపోయాడని వీళ్ళు అనలేదు. మేమే ఆయన్ని విడిచిపెట్టాం, పేదల నోరు కొట్టాం, అందుకే ఆయనే మమ్మల్ని శత్రువుకు అప్పగించాడు అన్నారు. శిక్షించింది ఆయనే అయితే తిరిగి తీసుకొచ్చేదీ ఆయనే. ఆ నమ్మకమే వాళ్ళని నిలబెట్టింది. అదే చెప్పాను.

పక్క గదిలో ఉండే కాకినాడ వదిన అడిగింది.

"అయితే మనమేం తప్పు చేశామని ఈ ఎండలో పడ్డాం వదినా?"

అందరూ నవ్వారు. వాళ్ళని లాక్కుపోయారు, మనం వీసా కోసం ఉపవాసాలుండి మరీ వచ్చాం అన్నాను. ఆవిడా నవ్వింది. తర్వాత మిగతాది చెప్పాను. రేపో మాపో ఇంటికి పోతామనుకుంటున్న వాళ్ళకి ప్రవక్త వేరే కబురు పంపాడు: ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, ఉన్న ఊరి మేలు కోరండి అని. ఆవిడ ఇక నవ్వలేదు.

సాయంత్రం తన గదిలోకి పిలిచి మంచం కింద అట్టపెట్టెలు చూపించింది. పుట్టింటివారిచ్చిన స్టీలు సామాను. వచ్చే ఏడు వెళ్ళిపోతాం కదా అని వచ్చిన దగ్గర్నుంచీ విప్పలేదు, ప్లాస్టిక్ పళ్ళేల్లో తింటున్నారు.

"వెళ్ళాక బతుకుదాంలే అని కూర్చున్నాను," అంది.

ఇద్దరం పెట్టెలు విప్పుతుంటే వాళ్ళాయన కూరగాయలతో వచ్చాడు. గదినిండా పరిచిన సామాను చూసి, ప్రయాణమనుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎక్కడికని అడిగాడు.

"ఎక్కడికీ లేదు. ఇక్కడే ఉంటున్నాం," అంది వదిన.

ఆ వారమే విల్లా వెనక ఇసుకలో గోంగూర గింజలు చల్లాం. ఎండకు మాడిపోయాయి. చలికాలంలో మళ్ళీ చల్లితే మోకాలెత్తు పెరిగింది. పక్క విల్లాలోని హైదరాబాదీ ఆవిడ గోడ మీంచి చూసి, అడిగి కోయించుకుంది. సాయంత్రానికి మాంసంలో వేసి వండి గిన్నెడు పంపింది. ఆ కూరకి మేం వండిన అన్నం చాల్లేదు. వదిన నవ్వుకుంటూ మళ్ళీ బియ్యం కడిగింది.