పలకని ప్యాడ్

డ్రమ్స్ మాస్టారి చేతులు ఊరకే ఉండవు. ఎవరితో మాట్లాడుతున్నా వేళ్లు బల్ల మీద తాళం వేస్తూనే ఉంటాయి. శిష్యుల ఎలక్ట్రానిక్ డ్రమ్ముల్లో ఏ ప్యాడ్ పలకకపోయినా, ముందు పక్క ప్యాడ్ కేబుల్ తీసి దానికి పెట్టి చూస్తారు. అప్పటికీ పలకకపోతే ప్యాడ్ విప్పి, లోపల దెబ్బను పసిగట్టే సెన్సర్‌ను తడుముతారు. ఇంట్లో మాత్రం ఆ ఓపిక ఉండేది కాదు. చిన్నప్పుడు కూతురు వాయిస్తుంటే మధ్యమధ్య దెబ్బలు వినపడేవి కావు. "చేతిలో సత్తువ లేదా? గట్టిగా కొట్టు!" అని కసిరేవారు. ఆ పిల్ల ఓ రోజు కర్రలు పక్కన పెట్టేసి మళ్లీ ముట్టుకోలేదు.

మొన్న కూతురు వాయించిన ఆ పాత డ్రమ్ కిట్టును ఎవరికైనా ఇచ్చేద్దామని దుమ్ము దులుపుతూ ప్యాడ్ విప్పారు. సెన్సర్ సగం ఊడి వేలాడుతోంది. జిగురు పెట్టి అతికించి, తనను చూడడానికి వచ్చిన కూతురి చేతికి కర్రలిచ్చారు.

"తప్పు నీ చేతిది కాదమ్మా, దీనిది. అప్పుడే విప్పి చూడాల్సింది."

ఆమె నిలబడే మెల్లగా ఒక దెబ్బ వేసింది. ప్యాడ్ శుభ్రంగా పలికింది.

"అప్పుడూ ఇలాగే కొట్టేదాన్ని నాన్నా."

"ఏదీ, ఆ పాత పాఠం ఒక్కసారి వాయించమ్మా," అన్నారాయన ఆశగా.

"ఇంకెక్కడ గుర్తుంటుంది నాన్నా!" అని నవ్వేసి, కర్రలు ఆయన ఒళ్లో పెట్టింది.