పటిక వేసిన సముద్రం

మా అమ్మాయి హాల్లో బల్ల మీద చిన్న గాజుతొట్టి పెట్టి, ఉప్పునీళ్ళు పోసి, అడుగున ఇసక పరిచి, అందులో చచ్చిన రొయ్య ఒకటి పడేసి ఐదు రోజులైంది. నీళ్ళు బియ్యం కడుగులా తెల్లగా మసకేశాయి. మూత తీస్తే గుప్పున నీచుకంపు. "ముట్టుకోకమ్మా, కంటికి కనపడని మంచి క్రిములు పుట్టాలి, నెల పడుతుంది, కంపు దానంతటదే పోతుంది, అప్పుడే చేపలు" అంది. ఆ సంగతి ఏ పుస్తకమూ చదవని మా నాన్నకి తెలుసు. పదేళ్ళ వయసులో నాకే ఓపిక లేకపోయింది.

అప్పట్లో మేం బస్తర్‌లో, దంతెవాడ అవతల ఇనుప గనుల కాలనీలో ఉండేవాళ్ళం. భీమిలి దగ్గర చేపలు పట్టే కుటుంబంలో పుట్టిన నాన్న, వల వదిలి కొండెక్కి, ఖనిజపు రాళ్ళు పిండిచేసే క్రషర్ దగ్గర పనికి కుదిరాడు. ఆరేసిన బట్టలు, అన్నం మీది మూత, పిల్లల చెవుల వెనక మడతలు, అన్నిటా ఎర్రదుమ్మే. తెల్లచీర కొన్న ఆడది మా లైన్లో లేదు. ఆడపిల్లలం మెరిసే ఖనిజపు రాళ్ళతో అచ్చనగాయలాడి, నల్లబడ్డ చేతుల్ని గౌన్లకి తుడుచుకుని అమ్మల చేత తన్నులు తినేవాళ్ళం. వానాకాలంలో వాగు ఎర్రగా, చిక్కగా దిగేది, కొళాయిలోనూ ఆ రంగే వచ్చేది. అమ్మ పొద్దున్నే బిందెలో పటికముక్క మూడు చుట్లు తిప్పితే, వంటయ్యేసరికి ఎర్రమడ్డి అడుక్కి దిగి పైన నీళ్ళు అద్దంలా తేటపడేవి. పటికకి లొంగని నీళ్ళుంటాయని మా కాలనీలో ఏ పిల్లకీ తెలియదు. నాన్న ఆ నీళ్ళు తాగే ముందు దగ్గేవాడు, తాగాక దగ్గేవాడు, ఎర్రగా ఉమ్మి, రక్తం కాదు దుమ్మేనని మాతో నవ్వేవాడు.

ఆయన్ని ఆ దుమ్ములోంచి తప్పించే దారి ఒక్కటే కనిపించింది: స్టోర్లో కుర్చీ ఉద్యోగం. కొండ మీది పెద్దసాబుకి బంగళాలో సముద్రపు చేపల తొట్టి పెట్టాలని సరదా పుట్టింది. విశ్వకర్మ పూజకొచ్చే అతిథుల ముందు చేపలు తిరిగితే నాన్నని స్టోర్‌కి మారుస్తానన్నాడు. నాన్న రైల్లో విశాఖ వెళ్ళి, డబ్బాలతో సముద్రపు నీళ్ళు, ఒడ్డున ఇసక తెచ్చి తొట్టి నింపి, నాలుగు చచ్చిన రొయ్యలు వేసి, నెల ఆగాలన్నాడు. నెల ఎక్కడిది? పూజ పన్నెండు రోజుల్లో ఉంది, సాబు అప్పటికే చేపలకి మనిషిని పంపించేశాడు. నాన్న చేతులు కట్టుకుని మరీ చెప్పి చూశాడు. పనివాడి మాట వినే చెవి ఆ కొండ మీద దొరలెవరికీ ఉండేది కాదు.

పూజకి యంత్రాలు కడిగి రంగులెయ్యాలని నాన్నకి రెండేసి షిఫ్టులు పడ్డాయి. సాయంత్రాలు తొట్టి చూసి రమ్మని నన్ను పంపేవాడు.

"నీరు తేటగుంటే సాలదే అమ్మీ, కంపు పోవాల. ముక్కెట్టి సూడు, సెయ్యెట్టకు" అనేవాడు.

కంపు తగ్గలేదు సరికదా, నీళ్ళు రోజురోజుకీ కుడితిలా తయారయ్యాయి. పూజ రెండు రోజులుందనగా సాబు భార్య, మేడమ్, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, "కల్ తక్ పానీ సాఫ్ నహీ హువా తో సబ్ ఫేంక్ దూంగీ, బాప్ కో బోల్" అంది. రేపటికి తేటపడకపోతే అంతా పారబోస్తుందట. పారబోసేది నాన్న ఉద్యోగాన్నేనని నాకు అర్థమైంది. పరుగున ఇంటికెళ్ళి, అమ్మ పటికముక్క తెచ్చి, భుజం దాకా చెయ్యి ముంచి, మూడు చుట్లు కాదు, రెక్క పీకేదాకా తిప్పాను. మర్నాటికి నీళ్ళు అద్దమే. షిఫ్టు నుంచి వచ్చిన నాన్నకి చెప్పాను, తేటపడ్డాయని.

"కంపో?" అన్నాడు.

పోయిందన్నాను.

పూజ రోజున మా ఆడవాళ్ళనీ పిల్లలనీ కూడా కొండ మీదికి రానిచ్చారు. క్రషర్‌కి బంతిపూల దండలేసి, బొట్లు పెట్టి, పూరీలూ బూందీ ఆకుదొన్నెల్లో పంచారు. పొద్దున రైల్లో వచ్చిన చేపల్ని సాబు తన చేత్తోనే తొట్టిలో వదిలాడట. సాయంత్రం అతిథులు చుట్టూ చేరేసరికి అవి నీటి మీదికొచ్చి నోళ్ళు తెరుస్తూ, ఒకదాని వెనక ఒకటి పక్కకి ఒరిగిపోతున్నాయి. నాన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఇసక మీద తెల్లటి పొర చూసి, వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. ఒక్కసారి నా వంక చూశాడు.

"కిస్‌నే క్యా డాలా ఇస్‌మే?" అని, ఇందులో ఎవరేం వేశారంటూ సాబు అరిచాడు.

"హమ్ డాలా సాబ్" అన్నాడు నాన్న, తన వచ్చీరాని హిందీలో, తనే వేశానని చేతులు జోడించి.

నా నోటినిండా బూందీ ఉంది. నేను నములుతూనే ఉన్నాను.

స్టోర్లో కుర్చీ పక్క క్వార్టరు సింహాచలం గారికి దక్కింది. నాన్న క్రషర్ దగ్గరే రిటైరయ్యాడు, ఆ తర్వాత రెండేళ్ళు కూడా బతకలేదు. పటిక మాట ఆయన నన్ను ఏనాడూ అడగలేదు, అమ్మకీ చెప్పలేదు. అడిగి, నాలుగు తన్నినా బాగుండేది. ఒక మనిషి ఊపిరిని చేపల తొట్టికి ముడిపెట్టిన ఆ సాబుని నేను ఈ రోజుకీ క్షమించలేదు. నన్ను నేనూ క్షమించుకోలేదు.

పోయిన నెల సింహాచలం గారు మా ఇంటికొచ్చారు. ఎనభై దాటాయి. "మన లైనంతా కొట్టేసినారమ్మా, మీ గుమ్మం ఏడుండేదో పోల్చుకోలేకపోయినాను" అన్నారు. ఆ వాగు పక్క రాళ్ళాటలూ, బూందీ దొన్నెలూ గుర్తున్నవాళ్ళు ఇక ఎవరూ మిగల్లేదని నొచ్చుకున్నారు. నాన్న గురించి మంచి మాటలే చెప్పారు. పాపం ఆయన చేసిన తప్పేమీ లేదు, అయినా ఆయన్ని చూస్తుంటే నాకు కడుపు మండిపోయింది. లిఫ్టు చెడిపోయింది ఆ రోజు. మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చారు, ఆయనకి ఆయాసం కూడా రాలేదు.