సంచులలోంచి ప్రెస్సును ఏరిన రత్నమ్మ అవ్వ

నిన్న పొద్దున చిట్యాల నుంచి మా బావ ఫోన్ చేశాడు.

"రత్నమ్మ అవ్వ పోయిందిరా."

"ఏ అవ్వ?" అన్నాను. తెలిసే అడిగాను.

ఆమె వయసుకు ఇది షాక్ అవ్వాల్సిన వార్త కాదు. కానీ మొన్న ఆదివారమే చూసి వచ్చాను. మా అమ్మాయి పెళ్లికార్డు చేతిలో పెడితే, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయని గొణిగింది. ఆ మనిషే పోయింది.

రత్నమ్మ అవ్వ మా నాయినమ్మకు చెల్లెలు. ప్రెస్సులో పనిచేసిందని ఈ గ్రూపులో అందరికీ తెలుసు. ఆ పని ఆమెకు ఎట్లా దొరికిందో కొందరికి తెలియదు. నాకు చెప్పినంత రాస్తున్నాను.

అది నిజాం కాలం. ఆమె నాయిన ముత్తయ్య దొర గడీలో వెట్టి చేసేవాడు. పెద్దబిడ్డ మా నాయినమ్మ అప్పటికే అత్తగారింట్లో ఉంది. ఒకరోజు సంతకని బయలుదేరి, భార్యను, చిన్నబిడ్డ రత్నమ్మను తీసుకుని నల్లగొండ చేరాడు. నరహరి పంతులు ప్రెస్సులో మిషన్ చక్రం తిప్పే పని దొరికింది. వెనక రేకుల కొట్టంలో కాపురం.

పంతులుకు మొదట ఒక్క వారపత్రికే ఉండేది. చందా డబ్బుగానే ఇవ్వాలనేవాడు కాదు. ఊళ్లవాళ్లు జొన్నలు కొలిచినా, ఆముదాలు కొలిచినా తీసుకునేవాడు. ఊరికి ఒక్క కాపీ పోయేది. చదువు వచ్చినవాడు చదివితే మిగతా ఊరు వినేది.

పత్రిక నిలబడింది.

పంతులు మహబూబ్‌నగర్‌లో పుస్తకాల షాపు తెరిచాడు. తర్వాత ఉర్దూలో ఇంకో పత్రిక. ఆ తర్వాత డేరా సినిమా కొని, బండ్ల మీద కోస్గి, షాద్‌నగర్ దాకా తిప్పాడు.

డేరా కోసం అప్పు చేశాడు. ఆ అప్పు తీర్చడానికి ప్రెస్సులోని అచ్చు అక్షరాలను ఒక సావుకారుకు తాకట్టు పెట్టాడు.

అంతలో యుద్ధం వచ్చి కాగితం దొరకకుండా పోయింది. ఉర్దూ పత్రిక ఆగింది, షాపు మూతపడింది. వారపత్రిక రెండు వారాలకోసారి అయింది.

అప్పుడే దొర మనిషి ఒకడు కొట్టం ముందుకు వచ్చి, "ప్రెస్సు మునిగినంక యాడికి పోతవ్ ముత్తిగా? గడీకే రావాలె గద," అని చెప్పి పోయాడట.

ఆ రోజు నుంచి తమ నాయిన సరిగా తినలేదని అవ్వ చెప్పేది.

చివరికి సావుకారు జప్తుకు వచ్చాడు. సీసం అక్షరాలు గళ్ల పెట్టెల్లో ఉంటాయి, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. సావుకారు తక్కెడ తెచ్చాడు, పెట్టెలు తక్కెడలో పట్టలేదు.

"గీ సీసం ముక్కలకు గిన్ని పెట్టెలెందుకు? సంచులల్ల పొయ్యిండ్రి," అన్నాడు.

పంతులు సిగ్గుతో లోపలి నుంచి బయటికే రాలేదు. రత్నమ్మే అడ్డం పోయింది.

"అయ్యా, కలుపకుండ్రి. కలిస్తె పనికి రావు."

"నీకు సదువొస్తదా పోరీ?"

"రాదు."

"మరి నోరు మూస్కో."

పెట్టెలన్నీ ఆముదాల సంచుల్లో గుమ్మరించారు.

కొనడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఆసామి సంచిలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి చూశాడు. నవ్వి, వచ్చిన బస్సులోనే తిరిగిపోయాడు. సావుకారు నెల రోజులు చూశాడు. కరిగించే సీసం ధర తప్ప ఎవరూ ఇంకో మాట అనలేదు.

సంచులు తిరిగి ఇస్తాను, బదులు డేరా, సినిమా మిషన్ ఇవ్వమని పంతులుకు కబురు చేశాడు.

పంతులుకు డేరా అంటే ప్రాణం. "సంచులు తెచ్చుకొని ఏం చేస్తం? గవి ఏరాల్నంటె ఏండ్లు పడుతది," అన్నాడట.

"కందుల్ల రాళ్లు ఏరుతలేమా పంతులూ? తెప్పియ్యి, నేను ఏరుత," అంది రత్నమ్మ.

డేరా పోయింది. సంచులు వచ్చాయి.

తల్లీబిడ్డలు చాటల్లో పోసుకుని కూర్చున్నారు. ఇద్దరికీ అక్షరం రాదు. ఆకారం చూసి కుప్పలు పెట్టారు. ఒకటి కొడవలి, ఒకటి చెవి కమ్మ, ఒకటి పొదిగే కోడి. పంతులు వచ్చి ఒక్కో కుప్పకు అసలు పేరు చెప్పేవాడు. చదువు ఆమెకు అట్లా వచ్చింది.

సీసం అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. అందుకే మొదట్లో అచ్చయిన కాగితం ఇస్తే తడబడేదట.

"ఉర్దూ లెక్క కుడి దిక్కుకెల్లి సదువుతున్నవేందే!" అని పంతులు నవ్వేవాడట. అన్ని నెలల తర్వాత ఆయన నవ్వడం అదే మొదలని అవ్వ అంది.

అన్నీ ఏరడానికి ఎండాకాలమంతా పట్టింది, వానకాలంలో సగం కూడా. ఒక్క కాగితంతో వారపత్రిక మళ్లీ మొదలైంది. పెళ్లిపత్రికలు, రసీదు పుస్తకాలు కూడా వేశారు. పంతులు ఇంకో వ్యాపారం జోలికి పోలేదు.

దొర మనిషి ఇంకోసారి వచ్చాడు. ముత్తయ్య చక్రం దగ్గర ఉన్నాడు, రత్నమ్మ పెట్టెల ముందు ఉంది.

"ప్రెస్సు మునిగిందన్నరు గదనే. నడువుండ్రి ఇగ."

"మునిగింది. ఇప్పుడు లేస్తాంది. నువ్వు నడువు," అంది.

వాళ్ల నాయిన మిషన్ ఆపలేదట.

ఆ ఇంట్లోవాళ్లు మళ్లీ గడీ గడప తొక్కలేదు. అవ్వ అక్షరాలు కూర్చే పనితోనే ముగ్గురు పిల్లలను చదివించింది. వాళ్ల పిల్లల్లో ఇద్దరు ఇప్పుడు టీచర్లు.

నిన్న సాయంత్రం చర్చి వెనక మట్టి చేశాం. వాన పడలేదు. చాలామంది వచ్చారు.

పోయిరా అవ్వా. నిమ్మళంగా పండుకో.